ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్ళకి తక్కువ ఖర్చు రివర్బ్ ప్లగిన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మైక్ పెట్టుకుని పాడేవాళ్ళు, గిటార్ వాయించేవాళ్ళు, సొంతంగా మిక్స్ చేసుకునేవాళ్ళు రివర్బ్ (శబ్దానికి గది, హాలు లాంటి ప్రతిధ్వని అద్దే ఎఫెక్ట్) గురించి మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒక చోట పెట్టాను. ధరలు డాలర్లలో రాశాను, ఈ కంపెనీలు ఆన్‌లైన్‌లో అలాగే అమ్ముతాయి కాబట్టి. కొన్నిచోట్ల నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది, మీ చెవికి వేరేలా అనిపిస్తే మీ చెవి మాటే వినండి.

డీఏడబ్ల్యూతో (రికార్డింగ్, మిక్సింగ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌తో) పాటు రివర్బ్ ఎలాగూ వస్తుంది కదా, మళ్ళీ ఇంకోటి ఎందుకు?

చాలామందికి అవసరం లేదు, నిజంగా. లాజిక్ వాడేవాళ్ళకి క్రోమావెర్బ్, స్పేస్ డిజైనర్ రెండూ ఉన్నాయి, బయట డబ్బులిచ్చి కొనే చాలా ప్లగిన్లకి అవి ఏమాత్రం తీసిపోవు. ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రూటీ రీవెర్బ్ 2, కన్వాల్వర్ ఉన్నాయి, స్టూడియో వన్‌లో రూమ్ రివర్బ్, ఓపెన్ ఎయిర్ ఉన్నాయి, క్యూబేస్‌లో రూమ్‌వర్క్స్ ఉంది, రీపర్‌లో రీవెర్బేట్ సాదాసీదాగా ఉన్నా దాని పక్కనే రీవెర్బ్ అని కన్వల్యూషన్ ప్లగిన్ ఉంది, అది బాగా పనికొస్తుంది, దాన్ని ఎందుకో ఎవరూ తెరిచి చూడరు.

బయటది తెచ్చుకోవాల్సిన అవసరం ఎప్పుడొస్తుందంటే, ఉన్నదాంట్లో టెయిల్ (అసలు శబ్దం ఆగాక మెల్లగా తగ్గే ప్రతిధ్వని తోక) వినగానే గణగణమని రేకు మోగినట్టు ఉంటే, లేదా మీ పాటకి కావాల్సిన ఒక ప్రత్యేకమైన రంగు అందులో ఎంత తిప్పినా రాకపోతే, లేదా ఒక్కో ప్రాజెక్ట్ ఒక్కో డీఏడబ్ల్యూలో చేస్తూ అన్నిచోట్లా ఒకే రివర్బ్ కావాలనుకుంటే. ఆడాసిటీలో వచ్చే రివర్బ్ ఫ్రీవెర్బ్ అనే పాత పబ్లిక్ డొమైన్ కోడ్ మీద కట్టింది. ఒక్కో ఛానల్‌కి 8 కోంబ్ ఫిల్టర్లు, 4 ఆల్‌పాస్ ఫిల్టర్లు (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసి మళ్ళీ మళ్ళీ తిప్పే భాగాలు), అంతే దాని నిర్మాణం. 1960ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ వేసిన దారే అది. మెత్తటి పాడ్స్ (సాగుతూ ఉండే సింథ్ స్వరాలు) మీద పరవాలేదు కానీ చప్పట్లు, స్నేర్ డ్రమ్ లాంటి వాటి మీద ఆ లోహపు మోత దొరికిపోతుంది. ఆడాసిటీ వాడేవాళ్ళు మాత్రం ఇంకో ఫ్రీ రివర్బ్ తెచ్చుకోవడం మంచిదే, 3.2 వెర్షన్ నుంచి రియల్‌టైమ్‌లో ప్లగిన్లు వేసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది కూడా లేదు.

ఆల్గరిథమిక్, కన్వల్యూషన్ అంటారు, తేడా ఏంటి? ఏది బెటర్?

కన్వల్యూషన్ అంటే ఒక నిజమైన హాల్లోనో గదిలోనో శబ్దం ఎలా ప్రతిధ్వనిస్తుందో ముందే రికార్డ్ చేసిపెట్టుకుని ఆ ముద్రని మన ట్రాక్ మీద వేయడం. ఆ ముద్రనే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు, ఐఆర్ అని పొట్టిగా. ఈమధ్య ఎక్కువగా స్పీకర్లోంచి కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా ఒక స్వీప్ వదిలి, దాన్ని రికార్డ్ చేసి, అందులోంచి ఐఆర్ లాగుతారు. ఆల్గరిథమిక్‌లో అలాంటి రికార్డింగ్ ఏదీ ఉండదు, డిలేలు, ఫిల్టర్లు, ఫీడ్‌బ్యాక్ కలిపి అక్కడికక్కడే లెక్కగట్టి టెయిల్ పుట్టిస్తుంది.

నిజమైన చోటు వినిపించాలంటే కన్వల్యూషన్ గెలుస్తుంది, కానీ అది ఫోటో లాంటిది, గది సైజు మార్చాలన్నా టెయిల్ సాగదీయాలన్నా కొంతవరకే ఒప్పుకుంటుంది. ఆల్గరిథమిక్‌లో అన్నీ మన చేతిలో ఉంటాయి, టెయిల్‌లో మెల్లగా కదలిక కూడా పెట్టుకోవచ్చు, పాటలో వోకల్‌కి ఆ కదలికే అందం. పాటలు చేసేవాళ్ళు మొదట ఆల్గరిథమిక్‌తో మొదలుపెట్టండి అంటాను. సినిమా డైలాగ్, ఆర్కెస్ట్రా లైబ్రరీలతో పని అయితే కన్వల్యూషన్ ముందు చూడండి.

ప్లేట్, హాల్, రూమ్, ఛాంబర్, స్ప్రింగ్... ఇన్ని పేర్లు ఎందుకు?

ప్లేట్ అంటే నిజంగానే ఉక్కు రేకు. జర్మనీ వాళ్ళ ఈఎంటీ 140 అని 1957లో వచ్చింది, దాదాపు రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు ఎత్తు పలుచటి రేకుని ఫ్రేములో బిగించి వేలాడదీసి, దాన్ని ఒక డ్రైవర్‌తో వణికించి, ఆ వణుకుని పికప్‌తో పట్టుకుంటారు. మొత్తం బరువు 270 కిలోల దాకా ఉండేది. దాంట్లో విడివిడిగా వినిపించే ఎర్లీ రిఫ్లెక్షన్స్ (గోడలకి తగిలి మొట్టమొదట వచ్చే ప్రతిధ్వనులు) ఉండవు, శబ్దం పడగానే ఒకేసారి దట్టంగా లేస్తుంది, అందుకే వోకల్‌కి ఒక గది ఊహ రాకుండా మెరుపు మాత్రమే వస్తుంది. హాల్ మెల్లగా లేచి ఎక్కువసేపు ఉంటుంది, స్ట్రింగ్స్‌కి, నెమ్మది పాటలకి బాగుంటుంది. రూమ్ చిన్నది, డ్రమ్స్ అన్నీ ఒకేచోట వాయించినట్టు అతకడానికి. ఛాంబర్ అంటే స్టూడియో వాళ్ళు గట్టి గోడల ఖాళీ గదిలో స్పీకర్, మైక్ పెట్టి చేసేది, ప్లేట్‌కీ రూమ్‌కీ మధ్యలో ఉంటుంది. స్ప్రింగ్ గిటార్ ఆంప్‌లో ఉండేది.

ఒక్కటే ఎంచుకోమంటే పాడేవాళ్ళకి ప్లేట్.

పూర్తిగా ఫ్రీగా దొరికేవాటిలో ఏవి నిజంగా పనికొస్తాయి?

ఓరిల్‌రివర్‌తో మొదలుపెట్టండి. ఎర్లీ రిఫ్లెక్షన్స్ రకం విడిగా, టెయిల్ రకం విడిగా ఎంచుకోవచ్చు, ఈక్యూ (ఫ్రీక్వెన్సీలు పెంచుకునే, తగ్గించుకునే సాధనం) లోపలే ఉంది, నాబ్‌లు ఎక్కువే కానీ ప్రతిదీ చెప్పిన పని చేస్తుంది. ఫ్రీ రివర్బ్‌లలో "ఇది ఫ్రీనా" అనిపించేది నా దృష్టిలో ఇదే, ముఖ్యంగా రూమ్, చిన్న హాల్ సెట్టింగులు.

డ్రాగన్‌ఫ్లై రివర్బ్ ఓపెన్ సోర్స్, హాల్, రూమ్, ప్లేట్, ఎర్లీ రిఫ్లెక్షన్స్ అని నాలుగు వేరువేరు ప్లగిన్లుగా వస్తుంది, లినక్స్‌లో పనిచేసేవాళ్ళకి ఇది పెద్ద వరం, విండోస్‌లో మాక్‌లో కూడా ఉంది. హాల్ చాలా సహజంగా ఉంటుంది, కొంచెం బరువు కూడా, అందుకే లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలు కోసే ఫిల్టర్) పెట్టకుండా వాడొద్దు.

టాల్ రివర్బ్ 4 దీనికి పూర్తిగా వ్యతిరేకం. సహజత్వం జోలికి పోదు, 80ల సింథ్ పాటల్లో వినిపించే మెరిసే, మెల్లగా ఊగే ప్లేట్ రకం. నాబ్‌లు తక్కువ, తెరిచిన నిమిషంలో సౌండ్ వచ్చేస్తుంది, వోకల్ మీద మాత్రం కొంచెం వేసినా తెలిసిపోతుంది.

కన్వల్యూషన్ కావాలంటే మెల్డా వాళ్ళ ఎంకన్వల్యూషన్‌ఈజీ ఫ్రీ. ఐఆర్‌ల కోసం యార్క్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌ఎయిర్ లైబ్రరీ ఉంది, చర్చిలు, హాళ్ళు, వింత వింత చోట్లవి దించుకోవచ్చు, ఒక్కో ఫైలుకి లైసెన్స్ షరతులు వేరుగా ఉంటాయి కాబట్టి పాట రిలీజ్ చేసేవాళ్ళు అది ఒకసారి చదవండి.

ఎయిర్‌విండోస్ గురించి కూడా చెప్పాలి. క్రిస్ జాన్సన్ అనే ఒక్క మనిషి చేసి ఇస్తున్నవి, ఫ్రీ, ఓపెన్ సోర్స్. గ్రాఫిక్స్ ఏమీ ఉండవు, కొన్ని స్లైడర్లు మాత్రమే, అందుకే చాలామంది తెరిచి మూసేస్తారు. వెర్బిటీ, గెలాక్టిక్ రెండూ ఒకసారి కళ్ళు మూసుకుని వినండి.

వల్హల్లా సూపర్‌మాసివ్ ఫ్రీ, అందరూ పొగుడుతున్నారు. వోకల్‌కి అదే పెట్టేసుకుంటే సరిపోదా?

సూపర్‌మాసివ్ 2020లో వచ్చింది, ఫ్రీగా ఇంత క్వాలిటీ ఇవ్వడం గొప్ప విషయం, అందులో అనుమానం లేదు. కానీ అది చేసిన ఉద్దేశం వేరు. దానిలో అసలు సరుకు డిలేలు ఒకదాంట్లో ఒకటి తిరిగి తిరిగి మేఘంలా పేరుకోవడం. ఆంబియంట్ పాడ్స్, గిటార్ స్వెల్స్, పాట మధ్యలో ఒక్క మాట గాల్లో వదిలేసే చోట దాన్ని కొట్టేది లేదు. మామూలు వోకల్‌కి ప్లేట్‌లా వాడబోతే మాటల వెనక ఏదో పొగ కమ్మినట్టు ఉంటుంది.

అయినా ఫ్రీగా అదే ఉంది, దాంతోనే చెయ్యాలి అంటే ఇలా చెయ్యండి. మోడ్ జెమినై పెట్టండి, అది తొందరగా లేచి తొందరగా దట్టమయ్యే మోడ్. వార్ప్ పూర్తిగా పైకి, డెన్సిటీ పైకి, డిలే టైమ్ బాగా తగ్గించండి, ఫీడ్‌బ్యాక్ తక్కువలో పెట్టి టెయిల్ ఎంత కావాలో చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచండి. వార్ప్ సున్నాలో ఉంటే అది డిలేలాగే వినిపిస్తుంది, పైకి వెళ్ళేకొద్దీ రివర్బ్‌గా మారుతుంది, ఈ ఒక్క నాబ్ సంగతి తెలియకే చాలామందికి అది లొంగదు. ఇలా పెడితే మంచి చిన్న హాల్ లాంటిది వస్తుంది. అచ్చం ప్లేట్ మాత్రం రాదు.

50 డాలర్లు పెట్టగలను, ఒకే ఒక్కటి కొనాలి. ఏది?

వల్హల్లా వింటేజ్‌వెర్బ్. ఇందులో నేను అటూ ఇటూ ఊగను.

కారణం అది అన్నిటికంటే గొప్పగా ఉంటుందని కాదు. ఒకే కిటికీలో హాల్, ప్లేట్, రూమ్, ఛాంబర్, యాంబియన్స్, నాన్‌లిన్ లాంటి బోలెడు మోడ్‌లు ఉన్నాయి, వాటి పైన కలర్ అని మూడు స్థాయిల స్విచ్ ఉంది, అక్కడే దీని అసలు విలువ. 1970ల కలర్ పెడితే హై ఫ్రీక్వెన్సీలు 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, అప్పటి డిజిటల్ బాక్సులు, 1978లో వచ్చిన లెక్సికన్ 224 లాంటివి, అలాగే ఉండేవి. దానివల్ల రివర్బ్ ముదురుగా, వోకల్ వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది, ఈక్యూ పెద్దగా ముట్టుకోవాల్సిన పని ఉండదు. 1980ల కలర్‌లో పై ఫ్రీక్వెన్సీలన్నీ తెరుచుకుంటాయి, మెరుపు వస్తుంది. నౌ అనేది శుభ్రంగా ఉంటుంది. ఒకే మోడ్‌లో ఈ స్విచ్ ఒక్కటి నొక్కి చూస్తే మూడు వేరే ప్లగిన్లు కొన్నట్టే.

ఇంట్లో కండెన్సర్ మైక్‌తో పాడినప్పుడు మామూలుగానే పై ఫ్రీక్వెన్సీలు కొంచెం ఎక్కువగా వస్తాయి, అలాంటి వోకల్‌కి 1970ల కలర్, కాన్సర్ట్ హాల్ లేదా ప్లేట్ మోడ్, డికే (టెయిల్ తగ్గిపోవడానికి పట్టే టైమ్) 2 సెకన్ల లోపు, ఇంతే, తొంభై శాతం పని అయిపోతుంది.

ఇంకో సంగతి. షాన్ కాస్టెల్లో నడిపే ఈ కంపెనీ సేల్స్ పెట్టదు. ఏళ్ళుగా ఆ 50 డాలర్లే. కాబట్టి నవంబర్ సేల్స్ దాకా ఆగుదాం అని ఎదురుచూడొద్దు. లైసెన్స్‌కి ఐలాక్ (కొన్ని కంపెనీలు వాడే లైసెన్స్ తనిఖీ పద్ధతి) కూడా అక్కర్లేదు.

వింటేజ్‌వెర్బ్ కాకుండా వల్హల్లా రూమ్, వల్హల్లా ప్లేట్ కూడా అదే ధర కదా?

అవును. రూమ్‌లో ఎర్లీ, లేట్ రెండూ విడివిడిగా సరిచేసుకోవచ్చు, చాలా శుభ్రమైన సౌండ్, నిజమైన చోటులా ఉండాలి, రివర్బ్ వేసినట్టే తెలియకూడదు అనుకునేవాళ్ళకి అదే సరైనది. అకౌస్టిక్ గిటార్, పియానో, కోరస్ గొంతుల మీద నాకు రూమే నచ్చుతుంది. ప్లేట్ ఆ ఒక్క పనీ చాలా బాగా చేస్తుంది, కానీ వింటేజ్‌వెర్బ్‌లో ప్లేట్ మోడ్‌లు ఉన్నాక మొదటి కొనుగోలుగా అది వద్దు.

మిగతా కంపెనీలవి? సేల్స్‌లో చాలా చవగ్గా కనిపిస్తాయి.

సౌండ్‌టాయ్స్ లిటిల్ ప్లేట్ ఈఎంటీ 140ని అనుకరించేది. డికే నాబ్ ఒకటి పెద్దది, అర సెకను నుంచి అనంతం దాకా, లో కట్, మాడ్ స్విచ్, మిక్స్, ఇంకేం లేవు. సెట్టింగులతో గంటలు గంటలు పోగొట్టుకునేవాళ్ళకి ఇది మందు. పూర్తి ధరకి కొనాల్సిన పనిలేదు, సేల్‌లో చాలా తగ్గుతుంది. అయితే దానిలో ప్రీ-డిలే (అసలు శబ్దానికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య ఖాళీ) నాబ్ లేదు, ముందర ఒక డిలే ప్లగిన్ వంద శాతం వెట్‌లో (అసలు శబ్దం లేకుండా ఎఫెక్ట్ మాత్రమే వచ్చేలా), ఫీడ్‌బ్యాక్ సున్నాలో పెట్టి ఆ పని చేయించుకోవాలి.

లిక్విడ్‌సోనిక్స్ సెవెన్త్ హెవెన్ బ్రికాస్టీ ఎం7 అనే ఖరీదైన హార్డ్‌వేర్‌ని పట్టుకుని చేసింది. మామూలు ఎడిషన్, ప్రొఫెషనల్ ఎడిషన్ అని రెండుంటాయి, ఇంట్లో చేసేవాళ్ళకి మామూలుది ధారాళంగా చాలు. నెమ్మదిగా సాగే పాట, పెద్ద గొంతు, చుట్టూ వాయిద్యాలు తక్కువ, అలాంటి చోట ఇది వేస్తే పాట మొత్తం ఖరీదుగా వినిపిస్తుంది. వింటేజ్‌వెర్బ్ తర్వాత రెండోది కొంటే నేను దీన్నే చెప్తాను.

ఈవెంటైడ్ బ్లాక్‌హోల్ పూర్తి ధర 199 డాలర్లు, సేల్స్‌లో అందులో చిన్న వంతుకే వస్తుంది. గొప్పదే, కానీ సూపర్‌మాసివ్ చేతిలో ఉన్నవాళ్ళకి అవసరం తక్కువ.

వేవ్స్ వాళ్ళవి ఏడాది పొడుగునా సేల్‌లోనే ఉంటాయి, అందులో అబ్బే రోడ్ ప్లేట్స్ నాకు ఇష్టం. కొనేముందు వాళ్ళ అప్‌డేట్ ప్లాన్ పద్ధతి చదవండి, ఏడాది దాటాక కొత్త వెర్షన్లు కావాలంటే మళ్ళీ కట్టాలి. 2023 మార్చిలో వీళ్ళు శాశ్వత లైసెన్సులు ఆపేసి సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే అన్నారు, జనం గట్టిగా అడిగేసరికి కొద్దిరోజుల్లోనే మళ్ళీ తెచ్చారు. ఇలాంటివి ఏ కంపెనీలోనైనా జరగొచ్చు కాబట్టి పాట పూర్తయ్యాక రివర్బ్ ట్రాక్‌ని ఆడియోగా రెండర్ చేసి దాచుకోండి.

రెండు మూడు ప్లగిన్ల డెమోలు పెట్టుకున్నాను, ఏది బెటరో నిజంగా తేల్చుకోవడం ఎలా?

చాలామంది చేసేది ఏంటంటే ఒకదాంట్లో ఒక ప్రీసెట్ తెరిచి, ఇంకోదాంట్లో ఇంకో ప్రీసెట్ తెరిచి, ఏది పెద్దగా వినిపిస్తే దానికి ఓటేయడం. అది ప్రీసెట్ చేసినవాడి అభిరుచికి పరీక్ష, ప్లగిన్‌కి కాదు.

ఇలా చెయ్యండి. రెండు సౌండ్లు తీసుకోండి, ఒకటి ఏ ఎఫెక్టూ లేని మీ వోకల్ ఒక లైను, రెండోది ఒక్క స్నేర్ దెబ్బ, తర్వాత నాలుగు సెకన్లు ఖాళీ. ఒక్కో ప్లగిన్‌ని ఒక్కో సెండ్ బస్‌లో (ట్రాక్ కాపీని పంపే విడి ఛానల్‌లో) పెట్టి మిక్స్ వంద శాతం వెట్ చెయ్యండి. అన్నిటిలో ప్లేట్ అయితే ప్లేటే, హాల్ అయితే హాలే. ప్రీ-డిలే అన్నిటికీ 20 మిల్లీసెకన్లు. లోపలి ఈక్యూలు, కట్‌లు అన్నీ తెరిచేయండి. డికే అన్నిటికీ ఒకటే ఉండాలి, ఇక్కడ జాగ్రత్త, ఒక ప్లగిన్‌లో 1.8 సెకన్లు అని రాసి ఉన్నది ఇంకోదాంట్లో 1.8తో సమానం కాదు. డికే అంకె మామూలుగా శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే టైమ్, కానీ ఒక్కొక్కరు ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర లెక్కేస్తారు. అందుకని స్నేర్ దెబ్బకి వచ్చిన టెయిల్స్‌ని ట్రాక్స్‌లోకి రికార్డ్ చేసి, ఒకదాని కింద ఒకటి పెట్టి, వేవ్‌ఫామ్ తోకలు దాదాపు ఒకేచోట ముగిసేదాకా డికే సరిచెయ్యండి. ఆ తర్వాత ఒక్కో బస్‌ని సోలో చేసి మీటర్ చూస్తూ లెవల్స్ కలపండి, అర డెసిబెల్ తేడాకి మించకుండా. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా, కొంచెం గట్టిగా వినిపించేదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు స్నేర్ దెబ్బ వినండి. మొదటి పదో వంతు సెకనులో టకటకమని విడివిడి చుక్కలు వినిపిస్తున్నాయా, లేక ఒక్కసారే గుప్పుమని వస్తోందా? చుక్కలుంటే దట్టం తక్కువ, డ్రమ్స్ మీద అది ఇబ్బంది పెడుతుంది, పాడ్స్ మీద అసలు తెలియదు. టెయిల్ మధ్యలో ఏదైనా ఒక స్వరం మాత్రం నిలబడి కూస్తోందా? అదే లోహపు మోత, అది ఉన్నదాన్ని పక్కన పెట్టేయండి. చివర్లో మెత్తగా కరిగిపోతోందా, గరగరమంటూ తెగిపోతోందా? తర్వాత వోకల్ లైనులో సాగదీసి పట్టిన స్వరం దగ్గర వినండి, టెయిల్‌లో శ్రుతి ఊగుతోందా? కొంచెం ఊగితే వెచ్చగా ఉంటుంది, ఎక్కువైతే శ్రుతి తప్పినట్టు ఉంటుంది, పియానోకి అయితే అసలు పనికిరాదు.

ఇదంతా సోలోలో. ఇప్పుడు అసలు పరీక్ష, సోలో తీసేసి పాట మొత్తం ప్లే చేసి, రివర్బ్‌ని మీరు మామూలుగా ఉంచే లెవల్‌కి దించి, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి మీకు చూపించకుండా మార్చమనండి. సోలోలో బ్రహ్మాండంగా వినిపించిన తేడాల్లో సగానికి పైగా ఇక్కడ మాయమవుతాయి. ఇక్కడ కూడా వినిపిస్తున్న తేడా ఏదైతే ఉందో దానికే డబ్బులు పెట్టండి. ఓరిల్‌రివర్‌కీ 50 డాలర్లదానికీ మీ పాటలో తేడా పట్టుకోలేకపోతే ఆ పాటకి ఓరిల్‌రివరే సరైన ప్లగిన్, మొహమాటం అక్కర్లేదు.

ట్రాక్ మీదే ఇన్సర్ట్‌గా వేయాలా, సెండ్‌లోనా?

సెండ్. వంద శాతం వెట్‌లో. అప్పుడే రివర్బ్‌కి మాత్రమే విడిగా ఈక్యూ, కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచేది) వేయగలరు, నాలుగు ట్రాక్స్ ఒకే చోటులో ఉన్నట్టు అతుకుతాయి, సీపీయూ కూడా మిగులుతుంది. సౌండ్ డిజైన్‌లా ఒక ట్రాక్‌ని పూర్తిగా ముంచేయాలనుకున్నప్పుడు ఇన్సర్ట్ వాడండి.

రివర్బ్ వేయగానే మిక్స్ అంతా బురదగా అయిపోతోంది. ప్లగిన్ తప్పా?

దాదాపు ఎప్పుడూ కాదు. సెండ్ బస్‌లో రివర్బ్‌కి ముందు ఒక ఈక్యూ పెట్టి కింద 600 హెర్ట్జ్ దాకా, పైన 10 కిలోహెర్ట్జ్ నుంచి కోసేయండి, అబ్బే రోడ్ స్టూడియోలో పాతకాలం నుంచి వాడే పద్ధతి ఇది. 600 అనేది చూడ్డానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది, సోలోలో వింటే రివర్బ్ పలుచగా, అసహ్యంగా కూడా ఉంటుంది, కానీ మిక్స్‌లో పెట్టగానే వోకల్ కింద ఉన్న వెచ్చదనం అలాగే ఉండి వెనక గాలి మాత్రం తెరుచుకుంటుంది. సన్నటి గొంతుకి 600 మరీ ఎక్కువైతే 300 దగ్గర మొదలుపెట్టండి.

అప్పటికీ మాటలు మునిగిపోతుంటే రివర్బ్ తర్వాత ఒక కంప్రెసర్ పెట్టి దాని సైడ్‌చైన్‌కి (ఎప్పుడు తగ్గించాలో చెప్పే ఇన్‌పుట్‌కి) డ్రై వోకల్, అంటే ఎఫెక్ట్ లేని వోకల్, ఇవ్వండి. పాడుతున్నంతసేపు రివర్బ్ 3 డెసిబెల్స్ తగ్గి, లైను ఆగగానే పైకి లేస్తుంది. టెయిల్ నిండుగా వినిపిస్తుంది, మాటా పోదు.

స, శ, ష వచ్చిన ప్రతిచోటా రివర్బ్ చిమ్మినట్టు వినిపిస్తోంది.

సెండ్ బస్‌లో రివర్బ్‌కి ముందు డీఎస్సర్ (స, శ లాంటి ఈల శబ్దాల్ని తగ్గించేది) పెట్టండి, అసలు వోకల్ మీద పెట్టేదానికంటే గట్టిగానే పెట్టొచ్చు, అది రివర్బ్‌లోకి వెళ్ళే కాపీ మాత్రమే కాబట్టి. మాట స్పష్టత డ్రై ట్రాక్‌లో అలాగే ఉంటుంది.

ప్రీ-డిలే ఎంత పెట్టాలి? టెంపోకి లెక్క ఉందంటారు.

ఉంది, తేలికే. 60,000ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్‌లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 72 బీపీఎం పాట అనుకోండి, 833 వస్తుంది. దాన్ని సగం చేసుకుంటూ పోండి, 417, 208, 104, 52, 26. చరణంలో మాటలు దగ్గర దగ్గరగా ఉంటే 26, పల్లవిలో సాగదీసి పాడేచోట 52 పెట్టి వినండి. ప్రీ-డిలే వల్ల డ్రై అక్షరం ముందు చెవిలో పడుతుంది, ఆ తర్వాతే రివర్బ్ లేస్తుంది, అందుకే అదే రివర్బ్ అంతే లెవల్‌లో ఉన్నా గొంతు ముందుకి వచ్చినట్టు ఉంటుంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే 20 మిల్లీసెకన్లంటే నేరుగా వచ్చే శబ్దం కంటే గోడకి తగిలి వచ్చేది 7 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చినట్టు. ప్రీ-డిలే సున్నా పెట్టి పెద్ద హాల్ ఎంచుకుంటే గాయకుడు హాల్ చివరి గోడకి ఆనుకుని పాడుతున్నట్టు ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

డికే కూడా ఇలాగే చూసుకోవచ్చు. అదే పాటలో రెండు బీట్‌లు 1,667 మిల్లీసెకన్లు, కాబట్టి డికే 1.6 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. అంకెలు మొదలుపెట్టడానికే, గీత గీసి అక్కడే ఆగిపోవడానికి కాదు.

నా గదిలోనే కొంచెం ఎకో ఉంది. రివర్బ్ వేస్తే అది కప్పబడుతుందా?

కప్పబడదు, ఇంకా బయటపడుతుంది. చిన్న గది ప్రతిధ్వని డబ్బా మూత కింద పాడినట్టు ఉంటుంది, దాని మీద హాల్ వేస్తే డబ్బాని తీసుకెళ్ళి హాల్లో పెట్టినట్టే. కంప్రెసర్ వేసేకొద్దీ అది ఇంకా పైకి తేలుతుంది. ప్లగిన్ కొనే డబ్బులు ఉంటే ముందు పాడేవాళ్ళ వెనక రెండు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, మైక్‌కి ఒక జానెడు దూరంలో పాడండి. కార్డియాయిడ్ మైక్ ముందువైపు ఎక్కువ వింటుంది, కాబట్టి మైక్ చూసేవైపు, అంటే మీ వీపు వెనక, గోడ ముఖ్యం. చాలామంది మైక్ వెనక ఫోమ్ పెట్టి అక్కడితో ఆగిపోతారు.

పాడేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో రివర్బ్ కావాలి కానీ లేటెన్సీ వస్తోంది.

ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఆన్ చెయ్యండి, మీ గొంతు ఆలస్యం లేకుండా నేరుగా వినిపిస్తుంది. డీఏడబ్ల్యూలో ఆ ట్రాక్ డ్రై సౌండ్ బయటికి రాకుండా చేసి, ప్రీ-ఫేడర్ సెండ్ (ట్రాక్ ఫేడర్ దించేసినా వెళ్ళే సెండ్) ద్వారా వంద శాతం వెట్ రివర్బ్ మాత్రం పంపండి. ఇప్పుడు ఆలస్యంగా వచ్చేది రివర్బ్ ఒక్కటే, ఆ 10, 15 మిల్లీసెకన్లు ప్రీ-డిలేగా పనిచేస్తాయి, అసలు ఇబ్బందే అనిపించదు. దీనికి తేలికైన ఆల్గరిథమిక్ ప్లగిన్ వాడండి, పొడుగాటి ఐఆర్ ఉన్న కన్వల్యూషన్ వద్దు.

స్టూడియో హెడ్‌ఫోన్స్‌లో బాగుంది, ఫోన్‌లో వింటే రివర్బ్ లేనట్టే ఉంది.

ఒక్క స్పీకర్‌లో ఎడమ కుడి కలిసిపోతాయి. వోకల్ మధ్యలో ఉంది కాబట్టి రెండువైపులదీ కలిసి బలపడుతుంది, రివర్బ్ ఎడమా కుడీ వేరువేరుగా ఉండేది కాబట్టి అంత బలపడదు, కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుంటాయి కూడా. ప్లగిన్‌లో విడ్త్ నాబ్ ఉంటే 70 శాతం దాకా తగ్గించి చూడండి. మాస్టర్‌లో మోనో బటన్ పెట్టుకుని మిక్స్ మధ్యమధ్యలో నొక్కుతూ ఉండటం మంచిది, మోనోలో కూడా సరిపోయేలా లెవల్ పెట్టి, స్టీరియోలో ఎక్కువైతే కాస్త తగ్గించండి.

కొనేముందు ఫార్మాట్ ఏం చూసుకోవాలి?

లాజిక్‌కి ఏయూ, ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్, మిగతావాటికి ఎక్కువగా వీఎస్‌టీ3. సౌండ్‌టాయ్స్, లిక్విడ్‌సోనిక్స్, ఈవెంటైడ్ వాళ్ళవాటికి ఐలాక్ అకౌంట్ కావాలి, యూఎస్‌బీ కీ కొనక్కర్లేదు, కంప్యూటర్ మీదే యాక్టివేట్ చేసుకోవచ్చు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో పనిచేసేవాళ్ళు ఇది ముందే ఆలోచించుకోండి.

క్రాక్ వెర్షన్లు దొరుకుతున్నాయి కదా?

వద్దు. పైన చెప్పిన ఫ్రీవాటితోనే పాట మొత్తం మిక్స్ చేయొచ్చు, వైరస్‌ని ఇంట్లోకి పిలవాల్సిన అవసరమే లేదు. వీటిలో కొన్ని ఒక్కరిద్దరు మనుషులు కూర్చుని చేసేవి కూడా.

ఒక పాటలో ఎన్ని రివర్బ్‌లు పెట్టాలి?

రెండు సెండ్‌లతో మొదలుపెట్టండి. ఒకటి పొట్టిది, రూమ్ లేదా యాంబియన్స్, అర సెకను నుంచి 0.8 దాకా, దాంట్లోకి అన్ని ట్రాక్స్ కొంచెం కొంచెం. రెండోది పొడుగుది, ప్లేట్ లేదా హాల్, వోకల్‌కీ ఒక లీడ్ వాయిద్యానికీ. బేస్, కిక్ రెండోదాంట్లోకి పంపొద్దు. లెవల్ కోసం సెండ్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి, రివర్బ్ మొదటిసారి స్పష్టంగా వినిపించిన చోట ఆగి, ఒకటి రెండు డెసిబెల్స్ వెనక్కి రండి. తర్వాత బస్‌ని మ్యూట్ చెయ్యండి, పాట ఒక్కసారిగా ఎండిపోయినట్టు అనిపిస్తే లెవల్ సరిపోయినట్టే. ఏమీ తేడా తెలియకపోతే ఇంకొంచెం పెంచండి. మూడో రివర్బ్ కావాలనిపిస్తే ముందు పావు బీట్ డిలే ఒకటి చాలా తక్కువ లెవల్‌లో వేసి చూడండి, ఎక్కువసార్లు అక్కడ కావాల్సింది అదే.